ఇటలీ మిషను అలక

ఆత్మకూరులోని ఆ ఇంట్లో తెల్లవారగానే రెండు కాఫీలు మొదలయ్యేవి. వంటింట్లో రాఘవమ్మ ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి, సలసల కాగిన నీళ్ళు పోసి, మూతపెట్టి, డికాషను దిగేదాకా పీట మీద కదలకుండా కూచునేది. ముందు వసారాలో ఆమె కొడుకు ఆదినారాయణ తన ఇటలీ మిషను ముందు కూచునేవాడు. ఇద్దరి మధ్యా పాలచెంబు పట్టుకుని తిరిగేది కోడలు చెంచులక్ష్మి.

మిషను అంటే పెద్దదేమీ కాదు. మరచెంబంత ఎత్తున, అల్యూమినియంతో, నడుము దగ్గర సన్నగా, పైన కొంగముక్కు లాంటి గొట్టంతో ఉండేది. అడుగున నీళ్ళు, నడుమ కాఫీపొడి. కరెంటు పెడితే కింది నీళ్ళు కాగి, ఆవిరి తోసుకొచ్చి, పొడిలోంచి పైకెక్కి, ఆ గొట్టంలోంచి నల్లగా, చిక్కగా కప్పులోకి దిగేవి. యుద్ధంలో పటాలం లారీ తోలుతూ ఇటలీ దాకా పోయిన ఆదినారాయణ అక్కడినుంచి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. అప్పటికి ఊళ్ళో కరెంటు లేదు. ట్రంకుపెట్టెలో కంబళి చుట్టుకుని ఏళ్ళ తరబడి పడుకుంది. పోయినేడు తీగలొచ్చి ఇళ్ళకు లైట్లు వేస్తున్నప్పుడు, "లైట్ల సంగతి తర్వాత, ముందు వసారాలో ఒక ప్లగ్గు పెట్టండి" అన్న మనిషి ఊరంతటికీ అతనొక్కడే.

ఆ రోజు స్విచ్చి వేసి చాలాసేపైనా మిషను కిక్కురుమనలేదు. ఆదినారాయణ చెయ్యి పెట్టి చూశాడు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. వసారా లైటు వేస్తే అది భేషుగ్గా వెలిగింది. మిషను మాత్రం బావిలోంచి అప్పుడే చేదిన నీళ్ళలా చల్లగా ఉంది.

"దీన్ని ఎవరు ముట్టినారు?" అన్నాడు లోపలికి వినబడేలా.

చెంచులక్ష్మి పాలచెంబుతో గుమ్మంలోకి వచ్చింది. "నిన్న నేనే తుడిచినాను. ఏమైంది?"

"తుడిచినావా, కడిగినావా?"

"పైన కాఫీ మరక అంటుకోనుంటే తడిగుడ్డతో తుడిచినాను. అంతే."

"తడిగుడ్డ!" అన్నాడు అతను, ఆమె మిషనును బావిలో ముంచి తీసినంత ఇదిగా. "కరెంటు వస్తువుకు తడి తగలకూడదని తెలీదా?"

వంటింట్లోంచి రాఘవమ్మ నవ్వింది. "పోతే పోయిందిలే రా, పీడ విరగడైంది. ఆ కషాయం తాగి నీ మొహం కూడా నల్లబడతా ఉండాది. రా, ఫిల్టరు కాఫీ తాగు."

ఆదినారాయణ ఆ పూట ఏ కాఫీ తాగలేదు. మిషను మీద తువ్వాలు కప్పి తోటకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వచ్చి పై భాగమంతా విప్పి, దులిపి, ఎండలో పెట్టి, మళ్ళీ బిగించాడు. వేడెక్కలేదు. తోటలో ఆయిలింజను ఎన్నిసార్లు మొరాయించినా చేత్తో కొట్టి నడిపించే మనిషి, ఈ చెంబంత మిషను ముందు ఓడిపోయి గోడకు ఆనుకుని కూచున్నాడు. మాటలు తగ్గిపోయాయి. అన్నం దగ్గర "చాలు", "వద్దు" తప్ప నోరు విప్పడం లేదు.

చెంచులక్ష్మి కూడా రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు పక్కింటి శీనమ్మ మజ్జిగ కోసం వచ్చి వసారాలో నిలబడ్డప్పుడు, "పోనీ నెల్లూరులో ఎవరికైనా చూపిస్తే?" అని మొగుణ్ణి మెత్తగా అడిగింది.

"చూపించి ఏం చేసేది? పాడు చేయకముందు ఉండాల ఆ బుద్ధి," అన్నాడు ఆదినారాయణ. "దాని విలువ నీకేం తెలుసు?"

శీనమ్మ మజ్జిగచెంబు చంకన పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు నవ్వింది. "ఆ విలువ తెలిసినోళ్ళు ఇటలీలో ఉండారు గానీ, మన చెంచులక్ష్మికి ఎట్ట తెలస్తాదిలే అబ్బయ్యా!"

ఆ మాట ఊళ్ళో కొత్తదేం కాదు. ఆదినారాయణ యుద్ధంనుంచి వచ్చాక ఏళ్ళ తరబడి పెళ్ళి మాటెత్తనివ్వలేదు. పెళ్ళి వద్దంటాడు, మిషనును మాత్రం పండగ పండగకూ పెట్టెలోంచి తీసి తుడిచి చూసుకుంటాడు. అక్కడెవరో దొరసాని ఇచ్చి ఉంటుందని జనం అనుకున్నారు. పెళ్ళై వచ్చిన మొదటివారమే ఆ మాట చెంచులక్ష్మి చెవిన పడింది. ఇన్నాళ్ళూ చెవినే ఉండిపోయింది. ఇప్పుడు మొగుడు కాదనకుండా, కనీసం శీనమ్మను కసరకుండా, తల తిప్పుకుని లేచిపోవడంతో అది గుండెల్లోకి దిగింది.

"అయితే దాన్నే పెట్టుకోని కాపురం చెయ్యి," అంది చెంచులక్ష్మి. పెళ్ళైన రెండేళ్ళలో ఎప్పుడూ 'మీరు' తప్ప అనని మనిషి. ఆదినారాయణ వీధిలోకి వెళ్ళిపోయాడు, ఆ మాట విన్నాడో లేదో తెలియదు.

ఆమె లోపలికి వెళ్ళి ఒక చీర సంచిలో పెట్టుకుంది. బయటికి వస్తూ ఏమనుకుందో, వెనక్కి తిరిగి, తువ్వాలుతో సహా మిషనును ఎత్తి చంకన పెట్టుకుంది.

"అదెందుకే తల్లీ?" అని రాఘవమ్మ నోరు తెరిచింది.

"నేను లేకపోయినా ఆయనకు జరుగుతాది అత్తమ్మా. ఇది లేకుండా ఎట్ట జరుగుతాదో నేనూ చూస్తాను."

పుట్టింటికి పోయే ఉదయగిరి బస్సులో మిషనును ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పక్కన కూచున్న ముసలామె "బిడ్డకు ఎన్నో నెల?" అని తువ్వాలు తొలగించబోయి, లోపల అల్యూమినియం ముక్కు చూసి ఉలిక్కిపడింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి చెంచులక్ష్మికి. దోవ పొడుగునా ఎర్రమట్టి లేచి చీరంతా పడింది. దుర్గం కొండ కనబడేసరికి మాత్రం కాస్త ప్రాణం కుదుటపడింది. కానీ అంతలోనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఉదయగిరిలో కరెంటు లేదు. ఈ మిషను ఇక్కడ బాగైనా ఒకటే, బాగుకాకపోయినా ఒకటే.

ఇంటి ముందు ఆమె నాయన గోపాలయ్య పలుపుతాడు పేనుతున్నాడు. కూతుర్ని చూసి లేచి, ఆమె వెనక్కి చూశాడు. "అల్లుడు రాలేదా?"

"రాలే."

"ఏమైనా..."

"ఏమీ లే నాయనా. మిషను చెడిపోయింది," అని గుమ్మం దాటి, అవ్వ మంచం పట్టె మీద కూచుని భోరుమంది.

అవ్వ అలివేలమ్మకు చూపు మందగించింది గానీ చెవులు బాగా పనిచేస్తాయి. మనవరాలు ఏడ్చినంతసేపూ వీపు నిమిరింది. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. తడిగుడ్డ, శీనమ్మ నవ్వు, ఇటలీ దొరసాని, మొగుడి మౌనం.

"ఆ దొరసాని సంగతి మొగుణ్ణి అడిగినావా?" అంది అవ్వ.

"ఎట్ట అడిగేది అవ్వా?"

"నోటితో."

"అడిగితే అవునంటే?"

"అవునంటే అప్పుడు ఏడ్సు. అడక్కముందే ఇంత ఏడిస్తే అప్పటికి ఏం మిగులుతాది?" అని అవ్వ మంచం మీద చేతులు పెట్టి తడిమింది. "ఏదీ, ఆ సవతిని ఇట్ట ఇయ్యి. నేనూ చూస్తాను."

అవ్వ చేతులతో చూసింది. ముక్కు పట్టుకుంది, పిడి పట్టుకుంది, తలకిందులు చేసి అడుగు తడిమింది. "కింద ఏంది, మెత్తగా?"

"కంబళి ముక్క అవ్వా. బల్ల మీద గీతలు పడకుండా అంటించినట్టుండారు."

"దాని కింద ఏముండాది?"

చెంచులక్ష్మి ఆ ముక్కను వేలితో నొక్కి చూసింది. మొగుడు ఎన్నిసార్లు విప్పినా పైపైనే విప్పాడు. ఆ కంబళి ముక్క చిరుగుతుందేమోనని దాని జోలికి పోలేదు. వేడెక్కాల్సింది అడుగు. విప్పింది మూతి. ఈ సంగతి తట్టగానే ఆమె కళ్ళు తుడుచుకుంది. నా వల్ల చెడిందో లేదో తేలిపోవాలి, అనుకుంది. ఊడితే ఊడింది. గోటితో అంచు లేపి, చర్రున లాగేసింది.

కింద ఇనప రేకు, దాన్ని బిగించిన చిన్న మరలు కనిపించాయి. గోపాలయ్య కత్తిమొనతో తిప్పబోతే కత్తి జారింది. ఎదురింటి మస్తానమ్మను కేకేశారు. వాళ్ళింట్లో చెక్కగరిటెలు, చెంచాలు చెక్కుతారు. ఆమె సన్న ఉలి ఒకటి కొంగులో దాచుకుని తెచ్చింది.

"మొన విరిగితే మా ఇంటాయన నన్ను చెక్కుతాడు, చూసుకోండి," అని హెచ్చరించి, తనూ చాప మీద చతికిలబడింది.

మరలు ఒక్కొక్కటే కదిలాయి. రేకు తీస్తే లోపల పల్చగా, మెరుస్తూ ఒక పలక. దానికి వరసగా చుట్టిన సన్న తీగ.

గోపాలయ్య వంగి చూసి ఒక్కసారిగా నవ్వాడు. "ఇది అభ్రకం గదమ్మే! మన గూడూరు దిక్కు గనుల్లో దొరికేది ఇదే. మన జిల్లా సరుకే ఇటలీకి పోయి, మిషను కడుపులో కూచోని, మళ్ళీ మనింటికొచ్చినట్టుండాది."

"అట్టయితే ఇది సవతి కాదు, మనింటి ఆడబిడ్డ," అంది అవ్వ.

చెంచులక్ష్మి నవ్వలేదు. తీగ వెంట చూపు నడిపిస్తోంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, అంచుదాకా. ఇత్తడి మర దగ్గర తీగ నల్లగా మాడి, తెగి, వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. దుమ్ము కొట్టుకుపోయిన పంచె, అలసిన కళ్ళు, చేతిలో ఏమీ లేదు. ఆదినారాయణ.

"రాండి, కాళ్ళు కడుక్కోండి," అని గోపాలయ్య చెంబు కోసం లేచాడు.

అల్లుడి చూపు చాప మీద పడింది. ముక్కు ఒకచోట, పిడి ఒకచోట, మరలు గిన్నెలో, చిరిగిన కంబళి ముక్క అవ్వ మంచం కింద. అతని మొహం పాలిపోయింది. "ఇదేంది ఇట్ట..."

"ఆగు నాయనా," అంది అవ్వ. "ముందు ఒక మాట చెప్పి కూచో. నువ్వు దేని కోసం వచ్చినావు? మిషను కోసమైతే ముక్కలన్నీ ఆడే ఉండాయి, మూట కట్టిస్తాను. పిల్ల కోసమైతే అన్నం వండిస్తాను."

మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదినారాయణ నిలబడ్డచోటే నిలబడ్డాడు. "నేను బస్సెక్కేటప్పుడు అది ఇంట్లో లేదన్న సంగతే చూడలేదవ్వా," అన్నాడు మెల్లగా. "వసారాలో ఈమె లేదు. అంతే చూసినాను."

చెంచులక్ష్మి తలెత్తింది. "అయితే అందరి ముందరే అడుగుతాను. ఇది ఎవరిచ్చినారు? ఇటలీలో ఎవరన్నా ఉండారా? ఊరంతా చెప్పుకుంటా ఉండారు. నువ్వొక్కడివే చెప్పవు."

గోపాలయ్య నీళ్ళచెంబుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆదినారాయణ వచ్చి చాప అంచున కూచున్నాడు. గిన్నెలోంచి ఒక మర తీసి వేళ్ళతో తిప్పాడు.

"ఒక పిల్ల ఉండేది," అన్నాడు.

చెంచులక్ష్మి చేతిలోని ఉలిని చాప మీద పెట్టేసింది.

"లుచీయా అని. మేం దిగిన పల్లెలో మా బట్టలు ఉతికేది. చలికాలం. నాకు జొరమొస్తే వాళ్ళ నాయన నన్ను పొయ్యి దగ్గర పండబెట్టినాడు. ఆ పిల్ల అంటే నాకు ఇష్టంగానే ఉండేది. అబద్ధమెందుకు చెప్పేది?"

"ఆమెకు?"

"ఆమెకు తెలీదు. నాకు వాళ్ళ భాష రాదు గదా. నాకొచ్చింది రొట్టె, నీళ్ళు, నిదానం. ఈ మూడు మాటలు పెట్టుకోని ఏం చెప్పేది?"

అవ్వ గొంతులో నవ్వు గురగురలాడింది.

"కొండ అవతలి పల్లెలో ఒక రొట్టెలాయనతో ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది," అని అతను కొనసాగించాడు. "వంతెన బాంబులకు కూలిపోయింది. బండ్లు పోయే దారి లేదు. మా ఆఫీసరును బతిమాలి నేనే లారీ పెట్టినాను. ఏట్లో దించి అవతలికి ఎక్కించాల. వెనక పెట్రోలు డబ్బాలు, వాటి మీద దుప్పటి పరిచి, దాని మీద పెళ్ళికూతురు. తెల్లటి గౌను. పక్కన వాళ్ళమ్మ, మేళగాళ్ళు, రెండు గొర్రెలు. నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. గొర్రెలు నీళ్ళలోకి దూకినాయి. పెళ్ళికూతురు గౌను మోకాళ్ళదాకా ఎగగట్టుకోని దిగి లారీని తోసింది. నేను లోపల కూచోని 'నిదానం, నిదానం' అని అరస్తా ఉండాను. నాకొచ్చిన మాట అదే గదా."

ముందు మస్తానమ్మ ఆపుకోలేకపోయింది. తర్వాత అవ్వ. పెట్రోలు డబ్బాల మీద పెళ్ళికూతురూ, నీళ్ళలో గొర్రెలూ, అరుస్తున్న మొగుడూ కళ్ళముందు కనబడి చెంచులక్ష్మి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గోపాలయ్య చెంబులో నీళ్ళు సగం వాకిట్లో పోయాయి.

"పెళ్ళికి అందినారా?" అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ.

"అందినాం. గొర్రెలు కూడా. వాళ్ళ నాయన నన్ను కావలించుకోని ఈ మిషను చేతిలో పెట్టినాడు. వాళ్ళింట్లో దాచుకున్న వస్తువు అది. వద్దంటే ఏడ్చినాడు. యుద్ధంలో నేను చేసిన పనుల్లో తలుచుకుంటే నవ్వొచ్చేది అదొక్కటే." అతను చేతిలోని మరను గిన్నెలో వేశాడు. "తక్కినవి అట్టాంటివి కాదు. వచ్చినాక రాత్రులు అరిచి లేచేవాణ్ణి. ఒక ఆడపిల్లను తెచ్చి ఈ అరుపుల పక్కన పండబెట్టేది ఎందుకని పెళ్ళి వద్దన్నాను. ఊళ్ళో వాళ్ళు దొరసాని అన్నారు. దాన్ని కాదనాలంటే ఇదంతా చెప్పాల. అందుకే ఊరుకున్నాను."

ఆ అరుపులు చెంచులక్ష్మి విన్నవే. అప్పుడప్పుడూ అతను ఉలిక్కిపడి లేస్తే నీళ్ళిచ్చి, మళ్ళీ పడుకోబెట్టేది. పీడకలలనుకుంది. అవి ఎక్కడివని తనూ ఎప్పుడూ అడగలేదు.

"నేనూ ఒకటి చెప్తాను," అంది. "దీన్ని నేను చెడగొట్టలే. కానీ ఇది ఆగిపోయిన రోజు నాకు లోపల సంతోషమైంది. మీ మొహం చూసి కూడా సంతోషమే అయింది. అది మాత్రం నా తప్పే."

మిషను ఆగిపోయాక ఆదినారాయణ నవ్వడం అదే మొదలు. "మళ్ళీ 'మీరు'లోకి వచ్చినావే."

"మిషను చూడండి ముందు," అని ఆమె పలకను అతని ముందుకు జరిపింది. "ఇదో, ఈడ తెగింది."

అతను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. తీగ చివరి నలుపును గోటితో గీకాడు. "తడికి కాదు ఇది," అన్నాడు. "మర వదులై, ఉడికి ఉడికి మాడిపోయి తెగింది. ఎన్నాళ్ళనుంచి మాడతా ఉండాదో." తలెత్తి, అందరూ వింటుండగానే అన్నాడు. "నీ వల్ల కాదు చెంచూ. చూడకుండా నోరు పారేసుకున్నాను."

అవ్వ మాట ప్రకారం అన్నం వండారు. తిన్నాక మొగుడూ పెళ్ళాలు చాప మీద ఎదురెదురుగా కూచున్నారు. ఆమె తీగను ఒక చుట్టు విప్పింది. అతను మాడిన కొసను ఉలితో గీకి తళతళలాడేలా చేశాడు. అతని వేళ్ళు ఇంజనుకు అలవాటైన మోటువేళ్ళు. తీగను మర చుట్టూ తిప్పబోతే జారిపోతోంది. చెంచులక్ష్మి పూలదారానికి ముడి వేసినంత సుళువుగా దాన్ని చుట్టి పట్టుకుంటే అతను మర బిగించాడు. ఇద్దరి తలలూ ఠపీమని కొట్టుకున్నాయి. "నిదానం, నిదానం," అంది అవ్వ మంచం మీదనుంచి, ఇటలీ యాసలో అనుకుని.

"బాగైనట్టేనా?" అంది మస్తానమ్మ, ఉలి వెనక్కి తీసుకుంటూ.

"కరెంటు పెడితే గానీ తెలీదు," అన్నాడు ఆదినారాయణ.

"ఈడ కరెంటు లేదు గదా. అయితే మా పిల్ల ఆడికి రావాల్సిందే," అంది అవ్వ. "లేకపోతే ఎట్ట తెలస్తాది, బాగైందీ లేందీ?"

మర్నాడు పొద్దున బస్సుకు ఇద్దరూ బయలుదేరారు. ఈసారి మిషను ఆదినారాయణ ఒళ్ళో ఉంది. చెంచులక్ష్మి కిటికీ పక్కన కూచుని, దోవంతా అడుగుతూనే ఉంది. ఆ పిల్ల గౌనుకు మరకలు పడలేదా? పెళ్ళిలో ఏం పెట్టినారు? నీళ్ళలో తడిసినోళ్ళకు చలి వేయలేదా? అతను ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు. కండక్టరు కూడా టిక్కెట్లు మరిచిపోయి వెనక సీటు పట్టుకుని నిలబడిపోయాడు.

ఆత్మకూరులో రాఘవమ్మ గడపలోనే ఎదురైంది. కోడలి చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుని, "నువ్వు లేక ఈ ఇంట్లో పాలు పొంగినాయే గానీ ఒక్క మాట పొంగలేదు తల్లీ," అంది. శీనమ్మ గోడ పైనుంచి తొంగి చూస్తుంటే, "చూసేదేంది, లోపలికే రా. దొరసాని కాఫీ పెడతా ఉండాది," అని తనే కేకేసింది.

మిషనులో నీళ్ళు పోశారు. పొడి వేశారు. ఆదినారాయణ ప్లగ్గు పెట్టి, స్విచ్చి మీద చెయ్యి పెట్టి, భార్య వైపు చూశాడు. "నువ్వే వెయ్యి."

చెంచులక్ష్మి స్విచ్చి వేసింది. నలుగురూ చుట్టూ కూచున్నారు. రాఘవమ్మ వేలు చాపి మిషను పొట్టకు తాకించి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అబ్బ! కాల్తా ఉండాది!" అని అరిచింది, వరహాల మూట దొరికినట్టు.

లోపల చిన్నగా గురకలాంటి చప్పుడు మొదలైంది. అది పెరిగి, బుసకొట్టి, కొంగముక్కులోంచి ఆవిరి చిమ్మింది. నల్లటి ధార కప్పులోకి దిగింది. శీనమ్మ చప్పట్లు కొట్టింది. ఆదినారాయణ మొదటి కప్పు భార్యకిచ్చాడు. మిషను మొదలైనప్పట్నుంచి ఆమె దాన్ని రుచి చూడడం అదే మొదలు.

ఒక గుక్క తాగగానే ఆమె మొహం ముడుచుకుపోయింది. దాచాలని చూసింది గానీ చేతకాలేదు. "చేదు," అంది.

"వేపాకు రసం," అన్నాడు ఆదినారాయణ. "నాకూ ఎప్పుడూ నచ్చలేదు."

"ఏందీ!" అంది రాఘవమ్మ. "మరి రోజూ అదే తాగతా ఉండావే?"

"తాగేదాని కోసం కాదమ్మా. ఆ చప్పుడు కోసం పెట్టేవాణ్ణి. ఆ ఇల్లు, ఆ పొయ్యి, ఆ నవ్వులు గుర్తొస్తాయి. పెట్టినాక పారబోయలేక తాగేవాణ్ణి."

వసారా అంతా నవ్వులతో నిండిపోయింది. రాఘవమ్మ ఆ కప్పు లాక్కుని, అందులో చిక్కటి పాలూ చక్కెరా పోసి, తిరగబోసి, నురగ తేలేలా చేసి కోడలికిచ్చింది. "ఇప్పుడు తాగు. ఇటలీ అయినా మనింటికొస్తే మన మాదిరి ఉండాల." నిజంగానే బాగుంది. ఫిల్టరు కాఫీ కంటే బాగుందని ఎవరూ పైకి అనలేదు. రాఘవమ్మ మాత్రం తన వంతు రెండోసారి పోసుకుంది.

శీనమ్మ వెళ్ళిపోయాక కూడా ముగ్గురూ అక్కడే కూచున్నారు. చెంచులక్ష్మి లారీ సంగతంతా అత్తకు చెప్పింది. రాఘవమ్మ గొర్రెల దగ్గర నవ్వింది, జొరం దగ్గర ఆగింది. కప్పు కిందపెట్టి కొడుకు మొహంలోకి చూసింది. యుద్ధంనుంచి వచ్చినప్పుడు అందరూ అతన్ని ఏవేవో అడిగారు. ఎంత దూరం, ఎంత జీతం, తెల్లవాళ్ళు ఎట్టుంటారు అని. బిడ్డ తిరిగొచ్చాడన్న సంతోషంలో ఆమె ఏదీ అడగలేదు. అడిగితే మళ్ళీ ఎక్కడ పోతాడోనన్న భయం కూడా ఉండేది.

"ఆ చలిలో నీకు అన్నం ఎవరు వండిపెట్టినారురా?" అంది.

ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నట్టు ఆదినారాయణ తలదించుకున్నాడు. కన్నీటిచుక్క ఒకటి మోకాలి మీద పడింది.

"గోవిందయ్య అని ఉండేవాడమ్మా. వరికుంటపాడోడు. మా జట్టుకు వంట చేసేది వాడే. ఎన్ని బాంబులు పడినా పొద్దుగూకేసరికి నాకింత వేడన్నం ఎత్తి పెట్టేవాడు. తను తిన్నా తినకపోయినా."

"ఇప్పుడు..." అని రాఘవమ్మ అడగలేక ఆగింది.

"ఉండాడు. బాగుండాడు. వరికుంటపాడులోనే సేద్యం చేసుకుంటా ఉండాడు."

"ఇంత దగ్గరుంటే ఒక్కసారైనా ఇంటికి తీసుకురాలేదా నువ్వు!"

"వాణ్ణి చూస్తే అవన్నీ గుర్తొస్తాయని పోలేదమ్మా. వాడూ అందుకే రాలేదేమో."

"గుర్తొస్తే రానీ," అంది చెంచులక్ష్మి. "ఇద్దరూ కూచోని చెప్పుకోండి. మేమూ వింటాం. రేపే పోయి పిలుచుకోని రాండి. నేనూ వస్తాను."

రాఘవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. "నా బిడ్డకు అన్నం పెట్టినోడికి నా చేత్తో వడ్డించాల. ఏమిష్టంరా వాడికి?"

ఆదినారాయణ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "చింతపండు చారు. అక్కడ చింతపండు దొరక్క ఊరూరా వెతికి, నిమ్మకాయలు పిండి చారు పెట్టేవాడు. పెట్టి, ఇది చారు కాదని వాడే ఏడ్చేవాడు."

రాఘవమ్మ అప్పటికే వంటింట్లోకి నడిచింది. ఉట్టి మీదనుంచి చింతపండు కుండ దించిన చప్పుడు వినిపించింది.

"అత్తమ్మా, ఆయన వచ్చేది రేపు!" అని చెంచులక్ష్మి నవ్వుతూ కేకేసింది.

"తెలుసులే," అంది రాఘవమ్మ లోపల్నుంచి, చింతపండు ఈనెలు తీస్తూ. "ఈ పూట మనకు పెడతాను. రుచి కుదిరిందో లేదో మీరు చెప్తే, రేపు వాడికి పెడతాను."